మొదటి 48 గంటల్లో పోయిన పిల్లలు లెక్కలోకి రారా?

లెక్కలపుస్తకం:
ఆసుపత్రి మరణాల రేటు రెండు రకాలు. స్థూల రేటులో అందరూ ఉంటారు. నికర రేటులో, చేరిన 48 గంటల్లోపు పోయినవాళ్ళను తీసేస్తారు. పిల్లల వార్డు సమీక్షకు నికర రేటే సరైనదని నా వాదన. నీలంగా మారిపోయి వచ్చిన బిడ్డ గంటలో పోతే అది ఆలస్యంగా తేవడం వల్ల. వార్డు పనితనం తెలియాలంటే మూడో రోజు తర్వాతి చావులు చూడాలి. ఆసుపత్రిలో అంటుకున్న ఇన్ఫెక్షన్, తప్పు మోతాదు లాంటివి అక్కడే బయటపడతాయి.

ట్రయాజ్‌బల్ల:
వనరులు తక్కువున్న ఆసుపత్రుల్లో పిల్లల చావుల్లో పెద్ద వాటా మొదటి 24 గంటలదే. నిమోనియా, సెప్సిస్ (ఒళ్ళంతా దెబ్బతీసే తీవ్ర ఇన్ఫెక్షన్), తీవ్ర మలేరియా, పుట్టగానే ఊపిరందకపోవడం, ఇవేవీ మూడో రోజు దాకా ఆగేవి కావు. అవి తీసేశాక సమీక్షించడానికి ఇంకేం ఉంటుంది?

"ఆలస్యంగా తెచ్చారు" అని రాసిన కేస్ షీట్లు ఓసారి తిరగేయండి. స్పృహ లేని బిడ్డకు షుగర్ చూశారా? హద్దు మామూలు బిడ్డకు డెసిలీటరుకు 45 మి.గ్రా., బాగా చిక్కిపోయిన బిడ్డకు 54. అంతకంటే తగ్గితే 10 శాతం గ్లూకోజ్ కిలోకు 5 మి.లీ. నరంలోకి ఇవ్వాలి. 10 శాతం సీసా లేదంటారు. 25 శాతం ఉంటుంది కదా! అది 2 పాళ్ళు, స్టెరైల్ వాటర్ 3 పాళ్ళు. 8 కిలోల బిడ్డకు 16, 24 కలిపి 40 మి.లీ. అరగంటకు మళ్ళీ స్ట్రిప్ పెట్టాలి. ఆ రెండో స్ట్రిప్ రీడింగే ఏ షీట్లోనూ కనబడదు.

లెక్కలపుస్తకం:
అది సరే, గడియారం ఎక్కడ మొదలు? నేనైతే కేస్ షీట్ రాసిన టైము నుంచే అంటాను. రాతలో లేని టైమును ఎలా లెక్కేస్తాం?

ట్రయాజ్‌బల్ల:
తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టుంది. గుమ్మం దగ్గర మొదలు. చీటీ వరుసలో ఆ తల్లి నిలబడ్డ గంట ఎవరి ఖాతా?

మూడోబెడ్:
మొదటి మందు పడ్డ టైము కూడా రాయండి. ఆ మూడో గడియారాన్ని ఎవరూ చూడరు.

సెలైన్‌చుక్క:
తొందరపడి చేసిందల్లా మేలు కాదు. 2011లో వెలువడిన ఫీస్ట్ పరిశోధన ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జరిగింది. జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన పిల్లలకు సెలైన్ లాంటి ద్రవం కిలోకు 20 నుంచి 40 మి.లీ. వేగంగా ఎక్కిస్తే 48 గంటల్లో నూటికి పదిన్నర మంది దాకా పోయారు. అలా ఎక్కించనివాళ్ళలో 7.3.

లెక్కలపుస్తకం:
అయితే విరేచనాలతో ఎండిపోయిన బిడ్డకూ సెలైన్ ఆపేయమంటారా?

సెలైన్‌చుక్క:
ఎవరన్నారండీ? విరేచనాల కేసులు, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్ళు ఆ పరిశోధనలోనే లేరు. పైగా ఎక్కువమంది పోయింది ఊపిరితిత్తుల్లో నీరు చేరి కాదు, గుండె, రక్తప్రసరణ కుప్పకూలి.

ట్రయాజ్‌బల్ల:
లెక్కల సార్, ఆ 48 గంటలు చూశారా? మీ నికర రేటు పెట్టుకుంటే ఆ నష్టం ఎప్పటికీ కనబడేది కాదు.

గొట్టంచివర:
ఆక్సిజన్ సంగతి కూడా అంతే. షీట్లో "ఆక్సిజన్ పెట్టాం" అని ఉంటుంది. తేమ సీసా మూత సరిగ్గా బిగించకపోతే గాలి అక్కడే పోతుంది, మీటరు మాత్రం 2 లీటర్లే చూపిస్తుంది. ముక్కు గొట్టం చివర గ్లాసు నీళ్ళలో ముంచి చూడండి, బుడగలు రాకపోతే బిడ్డకేమీ అందట్లేదు. ముంచాక తుడిచి పెట్టండి. ఇంకోటి, చల్లబడ్డ పాదానికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్ తగిలించి "రీడింగ్ రాలేదు" అని వదిలేస్తారు. పాదం వెచ్చబెట్టి మళ్ళీ చూడాలి. 90 శాతం లోపుంటే ఆక్సిజన్ పెట్టాల్సిందే.

లెక్కలపుస్తకం:
అంటే తప్పంతా రాత్రి డ్యూటీ నర్సుదేనా? 40 మంది పిల్లలకు ఒక్క మనిషి. గ్లూకోమీటర్ బీరువాలో, తాళంచెవి పగటి డ్యూటీ వాళ్ళ దగ్గర. పొద్దున సమీక్ష పేరుతో చేతిలో పెట్టేది సంజాయిషీ మెమో. మెమో భయమున్న చోట షీట్లో నిజం ఎవరు రాస్తారండీ? ఆ 48 గంటలు తీసేయమనేది అందుకే.

ట్రయాజ్‌బల్ల:
ఈ మాట మొదటే అనుంటే ఇంత రభస ఉండేది కాదు. మెమోతో గొడవైతే మెమో ఆపించండి, పిల్లల్ని లెక్కలోంచి తీసేయడమేంటి? ఆ భయంతోనే ప్రతి మరణ సర్టిఫికెట్ మీదా "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్", అంటే గుండె, ఊపిరి ఆగాయని రాస్తున్నారు. గుండె ఆగని చావు ఉంటుందా? అది కారణం కాదు. ఉదాహరణకు, మొదటి భాగం పై గీతలో శ్వాస వైఫల్యం, దాని కింద నిమోనియా, అన్నిటికంటే కింద మూలకారణమైన తట్టు. రెండో భాగంలో పోషకాహార లోపం. అలా రాస్తే టీకా దగ్గర తప్పిందో, తిండి దగ్గర తప్పిందో తెలుస్తుంది.

మూడోబెడ్:
లామా (డాక్టరు వద్దన్నా వెళ్ళిపోతున్నామనే కాగితం) రాయించుకుని ఇంటికెళ్ళాక చనిపోయినవాళ్ళు, పై ఆసుపత్రికి పంపితే దారిలో పోయినవాళ్ళు? స్థూలంలో కూడా లేరు వాళ్ళు.

లెక్కలపుస్తకం:
వాళ్ళనూ కలపండి. సిబ్బంది పేర్లు కొట్టేసి, మెమోలు లేకుండా సమీక్ష చేస్తానంటే ఆ 48 గంటలూ ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. గడియారం మాత్రం కేస్ షీట్ నుంచే.

ట్రయాజ్‌బల్ల:
గుమ్మం నుంచి.