సి ఆకారం కెనాల్ ఉన్న పన్నుకి రూట్ కెనాల్, హైదరాబాద్‌లో ఎక్కడ చేయించాలి?

అమ్మకి కింది దవడలో జ్ఞానదంతానికి ముందున్న పన్ను నొప్పి పుడితే కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గర క్లినిక్‌లో రూట్ కెనాల్ మొదలుపెట్టారు. మామూలుగా ఆ పన్నుకి రెండు వేర్లు, మూడు కెనాల్స్ (వేరు లోపల నరం ఉండే సన్నటి దారులు) ఉంటాయట. అమ్మకేమో వేర్లు రెండూ కలిసిపోయి లోపల కెనాల్ ఇంగ్లీషు సి అక్షరంలా వంపు తిరిగి ఉంది. కెనాల్‌ని గీకి శుభ్రం చేసే సూదిలాంటి ఫైల్ ఆ సన్నటి సందుల్లోకి సరిగ్గా వెళ్లదు, హైపోక్లోరైట్ మందు పోసి అల్ట్రాసోనిక్ పరికరంతో బాగా కడగాలి, ముందు సీబీసీటీ స్కాన్ (పన్నుని త్రీడీలో చూపించే ఎక్స్‌రే) తీయించి మైక్రోస్కోప్ ఉన్న ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ స్పెషలిస్టు) దగ్గరికి తీసుకెళ్లండి అని తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి పంపారు. ఉన్నమాట చెప్పినందుకు ఆ డాక్టరు మీద గౌరవమే పెరిగింది. మా బాబాయి అయితే పీకించి ఇంప్లాంట్ వేయించెయ్ అంటాడు, ఆయనకి అన్నిటికీ అదే మందు.

ఇలాంటి పన్నుకి చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత మళ్లీ నొప్పి గానీ వాపు గానీ వచ్చిందా? అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో మైక్రోస్కోప్ కింద చేస్తారా, లేక ప్రైవేటుకే వెళ్లాలా? స్కాన్‌తో కలిపి మొత్తం ఎంతవుతుందో కూడా చెప్పండి. అమ్మకి షుగర్ ఉంది, అందుకే తాత్కాలిక ఫిల్లింగ్‌తో ఎక్కువ రోజులు వదిలేయాలంటే టెన్షన్‌గా ఉంది.