కంట్రోలర్‌లో రోజూ ఓవర్‌ఫీడ్ అలారం: టైమ్ పెంచొచ్చా?

ప్రశ్న (అనంతపురం):
లక్ష లీటర్ల ఈతకొలను (పూల్), బోరు నీళ్లు, కొలిచి మందులు తనే పోసే కంట్రోలర్. ఓఆర్‌పీ (క్లోరిన్ ఎంత చురుగ్గా ఉందో మిల్లీవోల్టుల్లో చెప్పే కొలత) సెట్ పాయింట్ 720. రోజూ మధ్యాహ్నం రీడింగ్ 610 దగ్గరే నిలబడిపోతుంది. గంట గడిచాక ఓవర్‌ఫీడ్ అలారం మోగి హైపో (ద్రవ క్లోరిన్ మందు) పంపు లాక్ అవుతుంది. రీసెట్ కొడితే మళ్లీ అదే కథ. డిస్‌ప్లేలో పీహెచ్ 7.4. డబ్బాలో హైపో ఉంది, పంపూ తిరుగుతోంది. ఓవర్‌ఫీడ్ టైమ్ (ఎంతసేపు పోశాక అలారం మోగాలో) మూడు గంటలు పెట్టేద్దామా? పోయిన ఎండాకాలమంతా టీసీసీఏ (మెల్లగా కరిగే క్లోరిన్) బిళ్లలు వాడారు.

జవాబు (కర్నూలు):
టైమ్ మాత్రం పెంచొద్దన్నా. ఇంతసేపు పోసినా రీడింగ్ కదల్లేదు, వచ్చి చూడండి అని పిలిచేదే ఆ అలారం. ప్రోబ్‌కు (నీళ్లలో ఉండి కొలిచే సెన్సర్) పాకుడు పట్టి ఉంటే నీళ్లలో క్లోరిన్ ఎంత పెరిగినా తక్కువే చూపిస్తుంది, పంపు పోస్తూనే ఉంటుంది.

రెండు డోసింగ్ పంపులూ (హైపోది, పీహెచ్ దించే యాసిడ్‌ది) ఆపి, మోచేతి లోతు నుంచి నీళ్లు తీసి టెస్ట్ కిట్‌లోని డీపీడీతో (క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెచ్చే మందు) ఫ్రీ క్లోరిన్, ఫీనాల్ రెడ్‌తో పీహెచ్ చూడండి. డీపీడీ వేయగానే గులాబీ రంగు మెరిసి తెల్లబడితే క్లోరిన్ లేదనుకోవద్దు. మరీ ఎక్కువై రంగును తినేసి ఉండొచ్చు. డిస్టిల్డ్ నీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ చూడాలి.

కిట్‌లో క్లోరిన్ 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) కంటే తక్కువ వస్తే మందే అందడం లేదు. పంపు తిరిగినంత మాత్రాన పోస్తున్నట్టు కాదు: లోపలి ట్యూబ్ చప్పిడిపోయి ఉంటుంది, లేదా ఇంజెక్టర్ (పైపులోకి మందు పోసే ముక్కు) కొనకు సుద్దముక్కలా సున్నం పేరుకుని ఉంటుంది. మన ఎండకు డబ్బాలో హైపో బలం కూడా దిగిపోతుంది. నీడలో పెట్టండి, నిల్వ తగ్గించండి.

ప్రశ్న వేసిన వారు:
కిట్‌లో క్లోరిన్ 4, పీహెచ్ 8.0 వచ్చింది.

జవాబు (కడప):
అయితే మీ పీహెచ్ ప్రోబ్ తప్పు చెబుతోంది. అందుకే యాసిడ్ పంపు కదలడం లేదు. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం చురుగ్గా ఉంటే, 8 దగ్గర అది పావు వంతుకు పడిపోతుంది. ఓఆర్‌పీ దిగడానికి అదో కారణం.

శాంపిల్ లైన్ వాల్వులు రెండూ మూసి ప్రోబులు తీయండి. మెత్తటి టూత్‌బ్రష్, గిన్నెలు కడిగే లిక్విడ్‌తో జిడ్డు వదిలించి బాగా కడగండి. తెల్లటి పొర మిగిలితే తొమ్మిది పాళ్ల నీళ్లలో ఒక పాలు యాసిడ్ పోసి (యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు) అర నిమిషం ముంచి కడగండి. గాజు బుడగను గుడ్డతో రుద్దొద్దు, ఎండనివ్వొద్దు. పీహెచ్ ప్రోబ్‌ను ముందు 7, తర్వాత 4 బఫర్‌లో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) కాలిబ్రేట్ చేయండి. బఫర్‌లో కూడా నిలబడకపోతే ప్రోబ్ అయిపోయినట్టే. ఏడాది రెండేళ్లే దాని ఆయుష్షు.

ఇంజెక్టర్‌ను విప్పి నీళ్లతో బాగా కడిగాకే పలచటి యాసిడ్‌లో వేయండి. హైపో మిగిలిన లైన్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. "నో ఫ్లో" అలారం వస్తోందని, నీళ్లు పారుతున్నాయో లేదో చూసే ఫ్లో స్విచ్‌కు వైరు కలిపి బైపాస్ చేయడం కూడా ఇదే కారణంగా మహా ప్రమాదం: నీళ్లు నిలిచిన పైపులో రెండు మందులూ కలిసి, మోటారు వేయగానే గ్యాస్ పూల్‌లోకి తన్నుకొస్తుంది.

జవాబు (కర్నూలు):
ప్రోబులు సరిచేసి, పీహెచ్ 7.4కు తెచ్చాక కూడా ఓఆర్‌పీ లేవకపోతే టీసీసీఏ మీదే అనుమానం. ఆ బిళ్లలు స్టెబిలైజర్ (సయనూరిక్ యాసిడ్) వదిలి వెళ్తాయి, అది ఎండకు పోదు, ఎక్కువైతే క్లోరిన్‌ను పట్టి ఉంచి ఓఆర్‌పీని దించుతుంది. 100 పీపీఎం ఉంటే సగం నీళ్లు మారిస్తేనే 50కి వస్తుంది.

బోరు నీళ్ల ఆల్కలినిటీ (పీహెచ్ మార్పును అడ్డుకునే గుణం) కూడా కొలవండి. 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉండాలి, అంతకు మించితే పీహెచ్ పైకే పాకుతుంది. మీ లక్ష లీటర్లకు 10 పీపీఎం దించాలంటే 30 శాతం పైబడిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 2 లీటర్లు పడుతుంది. ఒకేసారి కుమ్మరించొద్దు. పూల్‌లో ఎవరూ లేనప్పుడు, ఫిల్టర్ తిరుగుతుండగా కొంచెం కొంచెం పోసి, మర్నాడు కొలిచి మిగతాది పోయండి.