వైజాగ్ – సీలేరు – మారేడుమిల్లి లూప్: ఎక్స్‌పల్స్, పల్సర్ 150తో రెండు రోజుల్లో అవుతుందా?

కొండదారి_వైజాగ్ (ప్రశ్న)

డిసెంబర్ రెండో వారంలో రెండు బండ్లు, ఇద్దరం. ఒకటి ఎక్స్‌పల్స్ 200 4వీ, రెండోది పల్సర్ 150. అనుకున్న దారి ఇది: వైజాగ్, నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం, రాజమండ్రి. అక్కణ్ణుంచి 16వ నంబర్ హైవే ఎక్కి వెనక్కి. శనివారం తెల్లవారుజామున బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి. మ్యాప్‌లో చూస్తే కుదిరేలాగే ఉంది.

అడగాల్సినవి: చింతపల్లి దాటాక పెట్రోల్ సంగతేంటి? సగం తారు, సగం గులకరాయి ఉన్న దారికి టైర్లలో గాలి ఎంత ఉంచాలి? మధ్యలో అడవిలోకి వెళ్ళే మట్టిదారులు కనిపిస్తున్నాయి, వాటిలోకి వెళ్ళొచ్చా? పల్సర్ నడిపే తమ్ముడికి మట్టిరోడ్డు అలవాటు తక్కువ.

ఘాట్_లెక్క

మొదట రెండు రోజులు అన్న మాట తీసేసి మూడు రాయండి. మొత్తం ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. ఈ దారిలో లెక్క కిలోమీటర్లతో కాదు, వెలుతురున్న గంటలతో వెయ్యాలి. మ్యాప్ చూపించే టైము కారుకి, అదీ ఆగకుండా వెళ్ళే కారుకి. గూడెం కొత్తవీధి దాటాక సగటున గంటకి 25 కిలోమీటర్లు వేసుకోండి. అంతకన్నా త్వరగా వెళితే మంచిదే, ప్లాను మాత్రం 25 మీదే.

చింతపల్లి నుంచి చింతూరు దాదాపు 150 కిలోమీటర్లు. అంటే బండి మీదే ఆరు గంటలు. టీలు, ఫొటోలు, ఒక పంక్చరు కలిపితే ఎనిమిది. డిసెంబర్‌లో లంబసింగి, చింతపల్లి వైపు పొద్దున పొగమంచు ఒక్కోరోజు 8 దాటినా విడవదు. సాయంత్రం 5:30కి పొద్దు కూకుతుంది, లోయలో ఇంకా ముందే చీకటి. ఆ రెంటి మధ్య మీకు దొరికేది ఎనిమిది, తొమ్మిది గంటలే.

కాబట్టి మొదటి రోజు చింతపల్లి దాకానే. తక్కువ దూరంలా కనిపిస్తుంది గానీ రెండో రోజంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండో రోజు 7:30కి బయలుదేరితే సప్పర్ల, ధారాలమ్మ ఘాట్ మీదుగా 11 ప్రాంతంలో సీలేరు చేరాలి. మధ్యాహ్నం 12 దాటినా సీలేరు రాలేదంటే ఆ రోజు ముందుకు పోవద్దు. సీలేరులోనే ఆగడమో, చింతపల్లికి తిరగడమో. ఈ 12 గంటల గీత ఇంట్లో ఉన్నప్పుడే ఇద్దరూ ఒప్పుకోవాలి, దారిలో వాదించుకుంటే ఎప్పుడూ "ఇంకాస్త వెళ్దాం" అనేవాడే గెలుస్తాడు. సీలేరు, డొంకరాయి, మోతుగూడెం అన్నీ జలవిద్యుత్ ప్రాజెక్టు ఊళ్ళు. గెస్ట్‌హౌస్ కావాలంటే జెన్‌కో (ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ) అనుమతి ముందే తీసుకోవాలి, గేటు దగ్గర అడిగితే దొరకదు.

చింతూరు 3:30కల్లా వస్తే మారేడుమిల్లి ఘాట్ వెలుతురులోనే దాటొచ్చు. ఆలస్యమైతే చింతూరులోనే పడుకోండి. రాత్రిపూట ఆ ఘాట్‌లో మలుపు అవతల లారీ ఏ పక్క నుంచి వస్తుందో తెలియదు.

మూడో రోజు హైవే దేనికి? రంపచోడవరం నుంచి అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, నర్సీపట్నం మీదుగా వెళ్ళండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి దండు వరసగా పట్టిన మూడు పోలీస్ స్టేషన్లు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మూడూ మీ లూప్‌లోనే పడతాయి. వాళ్ళు ఆ దూరం రోజుకొకటి చొప్పున కాలినడకన చేశారు.

పెట్రోల్‌కి కంగారు అక్కర్లేదు. నర్సీపట్నంలో నింపి, చింతపల్లిలో మళ్ళీ మూతి దాకా పోయించండి. తర్వాత బంకు చింతూరే అనుకుని వెళ్ళండి. మొదటి, రెండో గేర్లలో మైలేజీ పావు వంతు పడిపోయినా ఎక్స్‌పల్స్ 13 లీటర్ల ట్యాంకు, పల్సర్ 15 లీటర్ల ట్యాంకు 150 కిలోమీటర్లకి చాలా ఎక్కువ. ప్లాస్టిక్ బాటిల్లో పెట్రోల్ మొయ్యడం మానండి.

పాత_స్పానర్

గాలి సంగతి నేను చెప్తాను. కంపెనీ చెప్పిన అంకె తారుకి. గులకరాయి మొదలైన చోట అందులోంచి 4, 5 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) తగ్గించండి. 28 ఉంటే 23, 24. ఎక్స్‌పల్స్‌కి ట్యూబు టైర్లు కాబట్టి 20 కిందికి వెళ్ళొద్దు. కారణాలు రెండు. ఒకటి, రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. రెండోది, గాలి తక్కువైతే బ్రేకు పట్టినప్పుడు టైరు రిమ్ము మీద జారుతుంది, దాంతో ట్యూబూ జరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది. ఆ చిరుగుకి ప్యాచ్ నిలవదు. అందుకే వాల్వు మీద ఉండే చిన్న నట్టుని రిమ్ముకి బిగించకండి, పైకి తిప్పి క్యాపుకి ఆనించి ఉంచండి. వాల్వు పక్కకి ఒరిగి కనిపిస్తే టైరు జారుతోందని చిరగకముందే తెలుస్తుంది.

తగ్గించడం సులువే, మళ్ళీ ఎక్కించడమే పని. చిన్న 12 వోల్టుల కంప్రెసరో, కాలితో తొక్కే పంపో ఒకటి ఉండాలి.

ట్యూబుల్లో ఎక్స్‌పల్స్‌కి ముందు చక్రం 21 అంగుళాలు, వెనక 18. చోటు లేకపోతే 21 ట్యూబు ఒక్కటి పెట్టుకోండి. అవసరమైతే అది 18లో కాస్త మడతపడినా కూర్చుంటుంది, ఊరు చేరేదాకా నిలుస్తుంది. 18 ట్యూబుని 21లోకి లాగితే పలచబడి త్వరగా పోతుంది. టైరు లివర్లు మూడు, వాల్వు పిన్ను తీసే పనిముట్టు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తెరిస్తే కొన్నాళ్ళకి ఎండిపోతుంది, కొత్తది కొనండి.

సెంటర్ స్టాండు లేని బండి వెనక చక్రం విప్పాలంటే ఇంజిను కింది ప్లేటుకి రాయో దుంగో ఆనించి, సైడు స్టాండు కలిపి నిలబెట్టాలి. టైరు అంచు రిమ్ము వదలకపోతే రెండో బండి సైడు స్టాండుని టైరు మీద ఆనించి బండిని ఆ వైపు వంచండి, ఊడిపోతుంది. కొత్త ట్యూబు పెట్టేముందు అందులో గుండ్రంగా నిలిచేంత గాలి కొట్టండి. ఖాళీగా పెడితే లివరు కింద పడి కొత్త చిల్లు పడటం ఖాయం. ఆఖరి ఆరంగుళాలు ఎక్కకపోతే బలం ఉపయోగించకండి. ఎదుటి వైపు టైరు అంచు రిమ్ము మధ్య పల్లంలోకి దిగలేదని అర్థం. అక్కడ మోకాలితో తొక్కి పట్టుకుంటే ఇటువైపు చేత్తోనే ఎక్కుతుంది. ఇదంతా ఒకసారి ఇంటి ముందు, మీరు తీసుకెళ్ళే స్పానర్లతోనే చెయ్యండి. యాక్సిల్ నట్టుకి సరిపోయే స్పానరు కిట్‌లో లేదని ధారాలమ్మ ఘాట్‌లో తెలియకూడదు.

క్లచ్, బ్రేక్ లివర్ల క్లాంపులు కొంచెం వదులు చెయ్యండి. బండి పడితే లివరు విరక్కుండా తిరుగుతుంది. స్పేరు క్లచ్ కేబుల్‌ని పాతదాని పక్కనే పరిచి టేపు వేసి ఉంచితే తెగినప్పుడు రెండు చివరలు మారిస్తే చాలు. చైను మాన్యువల్ కొలతలో వదులు వైపుకి ఉంచండి. గుంతలో సస్పెన్షన్ దిగినప్పుడు చైను బిగుసుకుంటుంది, ముందే బిగుతుగా ఉంటే ఆ దెబ్బ గేరుబాక్సు బేరింగు మీద పడుతుంది.

కొండదారి_వైజాగ్

మూడు రోజులు ఖాయం చేస్తాం. పల్సర్‌కి ట్యూబ్‌లెస్ కదా, పంక్చరు పుల్లలు తీసుకెళ్తే చాలదా? ఇంకోటి, వాగులు డిసెంబర్‌లో ఎలా ఉంటాయి?

స్పోకు_చక్రం

పుల్లలు మేకు దిగితే పనికొస్తాయి. కానీ ఆ దారిలో పల్సర్‌కి అసలు భయం రిమ్ము. అల్లాయ్ రిమ్ము రాయికి తగిలి అంచు వంగితే టైరు అతుక్కోదు, గాలి నిలవదు, ఎన్ని పుల్లలు పెట్టినా లాభం లేదు. కాబట్టి 17 అంగుళాల ట్యూబు ఒకటి పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ వాల్వు పీకేసి ఆ కన్నంలోంచి ట్యూబు వాల్వు తీస్తే బండి కదులుతుంది. పాత_స్పానర్ గారు చెప్పిన 23, 24తో కూడా ఇక్కడ నేను ఏకీభవించను. అల్లాయ్‌కి, పైగా వెనక సామాను ఉన్నప్పుడు, రెండు పీఎస్‌ఐ తగ్గించడమే ఎక్కువ. పట్టు కొంచెం తగ్గినా ఫర్వాలేదు, నెమ్మదిగా నడపమనండి. సామాను 10 కిలోలు దాటనివ్వకండి. బరువైనవి సీటుకి దగ్గరగా, కిందికి రావాలి. పనిముట్లు వెనక క్యారియర్ చివర కడితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది.

దిగుడులో తమ్ముడికి ఒక్కటే చెప్పండి: మొదటి, రెండో గేరు, ఇంజినే ఆపుతుంది, వెనక బ్రేకు తోడు. వదులు గులక మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుని వదిలి పట్టుతూ ఉంటుంది, బండి మాత్రం ఆగాల్సిన చోట ఆగదు.

వాగులు డిసెంబర్‌లో మామూలుగా తగ్గి ఉంటాయి. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల కాలం కూడా. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే తేదీ మార్చుకోండి, అక్కడ పోగొట్టుకునేది హోటల్ అడ్వాన్సే. చప్టా మీద నీళ్ళు పారుతుంటే ముందు నడిచి చూడండి. అలవాటు లేనివాళ్ళకి చక్రం ఇరుసు ఎత్తు హద్దు. నీళ్ళు మట్టిరంగులో ఉన్నా, కొమ్మలు కొట్టుకొస్తున్నా దాటొద్దు. పైన వాన ఆగితే చిన్న వాగు కొన్ని గంటల్లోనే తగ్గుతుంది, ఒడ్డున కూర్చోండి. తేటనీళ్ళైనా సిమెంటు మీద పాచి ఉంటుంది: మొదటి గేరు, ఒకే యాక్సిలరేటర్, మధ్యలో బ్రేకూ వద్దు, క్లచ్చూ వద్దు. బండి నీళ్ళలో పడి ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒడ్డుకి తోసి, ప్లగ్గు విప్పి, అప్పుడు కిక్కో సెల్ఫో కొట్టి నీళ్ళు బయటికి పోగొట్టండి. ఎయిర్ ఫిల్టరు డబ్బా కూడా తెరిచి చూడాలి.

వానపడ్డ ఎర్రమట్టి ఇంకో తంటా. పల్సర్ ముందు మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఖాళీ తక్కువ, జిగటమట్టి కూరుకుని చక్రం తిరగదు. పుల్లతో గోకుతూ వెళ్ళడమే.

ఘాట్_లెక్క

మట్టిదారుల ప్రశ్న మిగిలిపోయింది. ఉపగ్రహ చిత్రంలో అడవిలో కనిపించే సన్నగీతలన్నీ దారులు కావు. కొన్ని ఫైర్ లైన్లు (మంటలు పాకకుండా చెట్లు తీసేసిన పట్టీలు), కొన్ని పోడు చేలల్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోతాయి. మారేడుమిల్లి దగ్గర్లో పాపికొండలు జాతీయ ఉద్యానం ఉంది, అందులోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గుడిసె కొండకైనా ముందు మారేడుమిల్లిలో అటవీశాఖ వాళ్ళని అడిగి, ఆ వారం ఏ బండ్లని వదులుతున్నారో తెలుసుకోండి. మీకు మట్టి కావాలంటే ఊరికీ ఊరికీ మధ్య జనం తిరిగే దారులు చాలు.

వాటిని వెతకడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బాగుంటుంది, ఓస్మ్‌యాండ్ యాప్‌లో ఆఫ్‌లైన్ దించుకోండి. మట్టిదారులకి గ్రేడ్ 1 నుంచి 5 దాకా గుర్తు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ దారి మెత్తన. పల్సర్ ఉంది కాబట్టి 3 దాటొద్దు. దారిని నీలిగీత దాటే ప్రతిచోటా వంతెన గుర్తు ఉందో లేదో చూడండి, లేకపోతే వాగులోంచే వెళ్ళాలి. ఎత్తుగీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) దగ్గరదగ్గరగా ఉన్నచోట, అంటే వాలు నిటారుగా ఉన్నచోట, దారి నేరుగా వాటిని కోస్తుంటే దిగగలరేమో గానీ తిరిగి ఎక్కలేరు. పక్కదారిలో వెళ్ళిన దారినే వెనక్కి రావాల్సి వస్తుందనే లెక్కతో టైము పెట్టుకోండి.

సిగ్నల్ ఊళ్ళ దగ్గరే. సీలేరులో నది అవతల ఒడిశా మల్కన్‌గిరి జిల్లా, ఫోను అటు టవరు పట్టుకుని మ్యాపు కాసేపు తికమక పడొచ్చు. చింతపల్లి, సీలేరు, చింతూరు చేరినప్పుడల్లా ఇంట్లో ఒకరికి మెసేజ్, తర్వాతి ఊరు ఎన్నింటికో కూడా రాయండి. ప్రభుత్వ ఆసుపత్రులు చింతపల్లి, చింతూరు, రంపచోడవరంలో ఉన్నాయి. పోలీసు తనిఖీలు ఉంటాయి. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు డిజిలాకర్‌లో చెల్లుతాయి గానీ సిగ్నల్ లేనిచోట యాప్ తెరుచుకోదు, కాగితం కూడా పెట్టుకోండి. అలాగే ఏజెన్సీలో మలేరియా ఉంది, రాత్రికి దోమల క్రీము మర్చిపోవద్దు.

పాత_స్పానర్

స్పోకు_చక్రం మాట ఒప్పుకుంటున్నా, పల్సర్‌కి 26 ఉంచండి. నేను చెప్పిన అంకె స్పోకుల రిమ్ముకే. ఎక్స్‌పల్స్ స్పోకులు కూడా బయలుదేరేముందు స్పానరుతో ఒక్కొక్కటే తట్టి చూడండి. అన్నీ ఇంచుమించు ఒకే శబ్దం రావాలి, మొద్దుగా మోగినది వదులైనట్టు.