న్యూజెర్సీ సెనేట్ ప్రైమరీలో అసలు ఎవరెవరు నిలబడ్డారు? ఒక్కో చోట ఒక్కో లిస్ట్ ఉంది (2024 మే నాటి చర్చ)

ఎడిసన్_కొత్త_ఓటరు

అందరికీ నమస్తే. పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది, ఇదే నా మొదటి ఓటు. జూన్ 4న ప్రైమరీ, అంటే పార్టీ టికెట్ ఎవరికో ఓటర్లు తేల్చే ఎన్నిక, సెనేట్ సీటు కూడా ఉంది, అంతవరకు తెలుసు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఎవరెవరు పోటీలో ఉన్నారో చూద్దామని లాప్‌టాప్ ముందు కూర్చుంటే రెండు గంటలు పోయాయి, తల తిరగడం తప్ప ఏమీ తేలలేదు. ఒక సైట్లో గవర్నర్ భార్య టామీ మర్ఫీ పేరుంది, ఇంకో చోట ఆవిడ ఎప్పుడో తప్పుకుంది అని ఉంది. ఈ సీటులో ఉన్న సెనేటర్ మెనెండెజే కదా, ఆయన పేరు ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఇంకో పీడీఎఫ్‌లో సెనేట్ అని పెట్టి జిల్లా నంబర్లు వేసి పేజీలకు పేజీలు పేర్లున్నాయి, అంతమంది ఎందుకున్నారో అర్థం కాలేదు.

మా ఆవిడేమో "మర్ఫీ పేరు లిస్టులో నా కళ్లతో చూశాను, ఉంది" అని బిర్యానీ పందెం కట్టింది. ఏది నమ్మాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జెర్సీ_కుర్రోడు

బాలట్‌పీడియా (ఎన్నికల సమాచారం ఉండే సైట్) కొట్టు బ్రో, రెండు నిమిషాల పని.

పిన్నిగారు_ఇసెలిన్

బాబూ, ఆ రెండు నిమిషాల సలహా పక్కన పెట్టు. నేను పోలింగ్ రోజు బోర్డ్ వర్కర్‌గా, అంటే ఓటర్లకి బాలట్ ఇచ్చే టేబుల్ దగ్గర, కూర్చుంటాను, ప్రతిసారీ ఇదే గందరగోళంతో వచ్చేవాళ్లని చూస్తాను కాబట్టి ఓపిగ్గా చెప్తున్నా.

నువ్వు చూసినవి మూడు వేరు వేరు లిస్టులు. మర్ఫీ, మెనెండెజ్ ఇద్దరూ కనబడిన సైట్ ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌ది అయ్యుంటుంది. అది డబ్బు లెక్కల ఆఫీసు. ప్రచారానికి 5,000 డాలర్లు దాటి పోగుచేసినా, ఖర్చుపెట్టినా అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. తర్వాత పోటీ నుంచి తప్పుకున్నా ఆ పేరు అక్కడే ఉంటుంది. కాబట్టి దాన్ని చూసి ఎవరు పోటీలో ఉన్నారని అనుకోకూడదు. ఆ పేజీలకు పేజీల పీడీఎఫ్ స్టేట్ సెనేట్‌ది, అంటే రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో కూర్చునే 40 మందిది. వాళ్ల ఎన్నికలు 2023 నవంబర్‌లోనే అయిపోయాయి, ఈ ఏడాది వాళ్లకి ఏమీ లేదు. ఇప్పుడు జరిగేది వాషింగ్టన్ వెళ్లే యూఎస్ సెనేట్ సీటుకి. రెంటికీ సెనేట్ అనే పేరు పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది.

నీకు కావలసింది స్టేట్ డివిజన్ ఆఫ్ ఎలక్షన్స్ సైట్లో పెట్టే అఫీషియల్ లిస్ట్. అందులో పేరు ఎక్కాలంటే ఈసారి (2024లో) వెయ్యి సంతకాలతో పిటిషన్ వేయాల్సింది, గడువు మార్చి 25. టామీ మర్ఫీ సరిగ్గా ముందురోజు, మార్చి 24న, విరమించుకుంది. మెనెండెజ్ అంతకు మూడు రోజుల ముందే డెమొక్రాటిక్ ప్రైమరీలో దిగనని చెప్పేశాడు, కుదిరితే ఇండిపెండెంట్‌గా వస్తానన్నాడు. దానికి గడువు జూన్ 4 దాకా ఉంది, కానీ ఇండిపెండెంట్లకి ప్రైమరీతో పనిలేదు, నవంబర్ బాలట్లోనే కనబడతారు.

మిగిలినవాళ్లు వీళ్లు. డెమొక్రాట్లలో ఆండీ కిమ్, పట్రీషియా కాంపోస్-మెదీనా, లారెన్స్ హామ్. రిపబ్లికన్లలో కర్టిస్ బషా, క్రిస్టీన్ సెరానో గ్లాస్నర్, ఆల్బర్ట్ హార్ష్‌బార్గర్, ఇంకా జస్టిన్ మర్ఫీ.

చూశావుగా, మర్ఫీ ఉన్నాడు! గవర్నర్ భార్య మర్ఫీ మాత్రం కాదు. పందెం ఎవరు గెలిచారో మీరిద్దరూ తేల్చుకోండి.

రారిటన్_రాజకీయం

పిన్నిగారు అసలు కథ వదిలేశారు, నేను చెప్తా. మన ఊళ్లలో పార్టీ టికెట్ అంటే హైకమాండ్ బీఫారం ఇవ్వడం, అయిపోయింది. ఇక్కడ టికెట్ ఎవరికో ఓటర్లే తేలుస్తారు, దాన్నే ప్రైమరీ అంటారు అని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, న్యూజెర్సీలో మాత్రం మొన్నమొన్నటిదాకా బీఫారం లాంటిదే ఉండేది. పేరు కౌంటీ లైన్. 21 కౌంటీల్లో 19 చోట్ల కౌంటీ పార్టీ బలపరిచిన వాళ్లందరినీ ఒకే వరసలో, పైన ప్రెసిడెంట్ అభ్యర్థి పేరు పెట్టి, కింద సెనేట్, కాంగ్రెస్, ఊళ్లో కౌన్సిల్ దాకా గుచ్చిన దండలా వేసేవాళ్లు. లైన్ దొరకనివాడి పేరు అవతల ఏ మూలో ఒంటరిగా ఉండేది. ఇక్కడ దానికి బాలట్ సైబీరియా అని ముద్దుపేరు.

మెనెండెజ్ మీద కేసు పడింది 2023 సెప్టెంబర్‌లో, బంగారు కడ్డీలు లంచంగా తీసుకున్నాడన్న ఆరోపణలు. మర్నాడే కిమ్ పోటీ చేస్తానన్నాడు. తర్వాత గవర్నర్ భార్య దిగింది, పెద్ద పెద్ద కౌంటీల చైర్మన్లు వరసగా ఆవిడకి జై కొట్టారు. కానీ ఫిబ్రవరిలో ఆవిడ సొంత కౌంటీ మాన్మత్‌లో పార్టీవాళ్లకి ఓటింగ్ పెడితే కిమ్ గెలిచాడు. అదే నెలలో లైన్ మీద కోర్టుకి వెళ్లాడు. మార్చి 29న జడ్జి జాహిద్ ఖురేషీ ఈ ప్రైమరీకి లైన్ వద్దు, ఒక్కో పదవికి ఒక్కో పెట్టె గీసి పేర్లన్నీ అందులోనే వేయండి అన్నాడు. ఏప్రిల్ 17న పై కోర్టూ దాన్నే సమర్థించింది.

ఆ ఆర్డర్ ఈసారి డెమొక్రాట్ల బాలట్‌కే వర్తిస్తుంది, కాబట్టి ఒకే ఊళ్లో రెండు పార్టీల బాలట్లు చూడటానికే వేరుగా ఉండొచ్చు. కంగారు పడకండి, ప్రింటింగ్ తప్పు కాదు. నన్నడిగితే లైన్ ఎప్పుడో పోవాల్సింది, అయినా పోయింది పార్టీవాళ్ల మంచితనంతో కాదు లెండి.

గుంటూరు_టు_డాలస్

మా టెక్సాస్‌లో ఈ గోలేమీ లేదు, ఓటరు నమోదులో పార్టీయే అడగరు. మార్చి 5న వెళ్లి ఏ బాలట్ కావాలంటే అది అడిగి తీసుకున్నాం. డెమొక్రాట్ల వైపు సెనేట్‌కి తొమ్మిది పేర్లున్నాయి, నాకు ఆల్‌రెడ్, గుటియెరెజ్ తప్ప ఎవరూ తెలీదు. మీకు ముగ్గురేగా, సుఖం.

హెచ్1_నుంచి_జీసీ

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు గ్రీన్ కార్డ్ ఉంది, పదేళ్లుగా టాక్స్ కడుతున్నా, ప్రైమరీ పార్టీ వ్యవహారమే కదా, వేయొచ్చా?

పిన్నిగారు_ఇసెలిన్

వద్దు బాబూ, ఆ ఆలోచనే పెట్టుకోకు. ఫెడరల్ ఎన్నికలో సిటిజన్ కానివాళ్లు ఓటేస్తే నేరం, రేపు నీ సిటిజన్‌షిప్‌కే ఎసరు. ఎవరైనా ఫారం చేతిలో పెట్టినా సంతకం చేయకు.

ఎడిసన్ అబ్బాయీ, నీకు ఇంకో మాట. లిస్ట్ చూసుకున్నావు సరే, నీ పార్టీ ఏదని నమోదైందో స్టేట్ ఓటర్ పోర్టల్లో చూసుకున్నావా? ఏ పార్టీ రాయకపోతే ఆ రోజు మా టేబుల్ దగ్గర చెప్పి ఏదో ఒక బాలట్ తీసుకోవచ్చు, అప్పట్నుంచి ఆ పార్టీ కింద నమోదవుతావు. ముందే ఒక పార్టీ రాసి ఉంటే మాత్రం దాని బాలటే ఇస్తాం. మార్చుకునే గడువు ఏప్రిల్ 10తో అయిపోయింది. ఇది తెలియక టేబుల్ దగ్గర గొడవపడేవాళ్లు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

ఎడిసన్_కొత్త_ఓటరు

పిన్నిగారూ, మీరు చెప్పాక చూశాను. రిపబ్లికన్ అని ఉంది!! కాసేపు ఎవరో హ్యాక్ చేశారనుకున్నా. తర్వాత గుర్తొచ్చింది, ప్రమాణస్వీకారం రోజు హాల్లోంచి బయటికొస్తుంటే ఫారం ఇచ్చారు, ఒక చేతిలో చిన్న జెండా, ఇంకో చేతిలో పాప, మోకాలి మీద పెట్టి నింపాను. పార్టీ అని గళ్లుంటే ఏదో ఒకటి టిక్ పెట్టకపోతే ఫారం చెల్లదేమో అనుకున్నా. ఖాళీగా వదిలేయొచ్చని ఎవరు చెప్పారు మనకి?

అంటే నెలరోజులుగా ఆఫీసులో ఆండీ కిమ్ గురించి వాదించిన నాకు ఆ బాలటే రాదన్నమాట. మా ఆవిడ ఏ పార్టీ టిక్ పెట్టలేదు, తనకి రెంట్లో ఏదైనా ఓకే. పైగా జస్టిన్ మర్ఫీ పేరు చూపించి పందెం తనదే అంటోంది.

రారిటన్_రాజకీయం

హహహ, బిర్యానీ పెట్టక తప్పదు. సీరియస్‌గా అంటే, మీ వైపు పోటీయే ఎక్కువ ఆసక్తిగా ఉంది. ట్రంప్ ఈ నెల 11న వైల్డ్‌వుడ్ సభలో సెరానో గ్లాస్నర్‌ని బలపరిచాడు, బషా ఏమో కేప్ మే హోటళ్ల ఆయన, సొంత డబ్బుంది. ఓటు వృథా ఏమీ కాదు, చదువుకుని వేయండి.

ఎడిసన్_కొత్త_ఓటరు

సరే, అలాగే కానిద్దాం. మే 29 నుంచి జూన్ 2 దాకా ఎర్లీ ఓటింగ్ ఉంది, శనివారం ఇద్దరం ఒకే కారులో వెళ్లి చెరో బాలట్ తీసుకుంటాం. బిర్యానీ వచ్చేటప్పుడు ఓక్ ట్రీ రోడ్డు మీద.