అల్సర్‌కి నానో పసుపు క్యాప్సూల్ వాడొచ్చా?

ప్రశ్న: అమ్మ మోకాళ్ల నొప్పులకి ఏళ్లుగా డైక్లోఫెనాక్ వేసుకుంటోంది, అదీ చాలాసార్లు పరగడుపునే. మొన్న ఎండోస్కోపీలో అల్సర్ (కడుపులో పుండు) అని తేలింది, యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ రాశారు. బాబాయేమో "ఆ ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, ఇవి వాడండి వదినా" అంటూ నానో కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) డబ్బా తెచ్చిపెట్టాడు. వాటికి బదులు ఇవి వెయ్యొచ్చా?

జవాబు: మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని. పాంటాప్రజోల్ ఆపొద్దు. కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, మింగినా ఒంటికి పట్టేది చాలా తక్కువ. అందుకే దాన్ని నానో, అంటే అతి సన్నటి, రేణువులుగా చేస్తున్నారు. ఎలుకలకి ఇండోమెథాసిన్ అనే నొప్పి మందుతో పుండు తెప్పించి, ఇలాంటివి ఇచ్చి చూస్తే తగ్గిన మాట నిజమే. కానీ ఎలుక వేరు, మీ అమ్మగారు వేరు! అల్సర్ మందు మానేసి ఇవి వేసుకోవచ్చనేంత ఆధారం మనుషుల్లో లేదు. రక్తం పలచబరిచే మాత్రలు కూడా వాడుతుంటే ఇంకా జాగ్రత్త. డైక్లోఫెనాక్ సంగతి డాక్టర్‌తో ముందు తేల్చుకోండి, అసలు చిక్కు అక్కడే, ఇలాంటి నొప్పి మాత్రలే కడుపులో పుండు తెప్పిస్తాయి.

ఇంకో జవాబు: అల్సర్ తెప్పించే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా ఉందేమో టెస్ట్ చేశారా? ఉంటే యాంటీబయాటిక్స్ కోర్సు, మామూలుగా 14 రోజులు. ఆ బ్యాక్టీరియాని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్ అనే డాక్టర్లకి 2005లో నోబెల్ వచ్చింది. విరేచనం నల్లగా తారులా అయితే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

అడిగినవారు: ఆ టెస్ట్‌కే బయాప్సీ (కడుపు లోపలి నుంచి చిన్న ముక్క) తీశారు, రిపోర్టు శుక్రవారం వస్తుందట. డబ్బా బాబాయికి ఇచ్చేస్తా. మరి కూరలో పసుపు?

ఫార్మసిస్ట్: చిటికెడేగా, వేసుకోండి. కారం ఆవిడకి పడకపోతే అది తగ్గించండి.