సెనేటర్ కట్టించుకున్న పాత ఇటుక ఇల్లు, హెరిటేజ్ వాల్యూ ఎలా తెలుస్తుంది?
నమస్తే అండి, ఇండియానాపొలిస్‌లో ఒక ఇటుక ఇల్లు కొందామని చూస్తున్నాం, 1880ల్లో ఎవరో స్టేట్ సెనేటర్ కట్టించుకున్నాడట, ఏజెంట్ అదే పాట పాడుతున్నాడు. ఇదే ఊళ్లో బెంజమిన్ హారిసన్ ఇల్లుందంటే అర్థముంది, 1874-75లో కట్టించుకుని అక్కడుండగానే 1888లో ప్రెసిడెంట్‌గా గెలిచాడు. ఈ సెనేటర్‌ని ఎవరు గుర్తుపెట్టుకున్నారు చెప్పండి? నేషనల్ రిజిస్టర్‌కి (అమెరికా ప్రభుత్వం పెట్టిన చారిత్రక కట్టడాల జాబితా) ఆయన పేరు పనికొస్తుందా, కట్టడం చూపించి అప్లై చేయాలా? కింది గోడలో పాత సున్నం తీసేసి సిమెంట్ కూరారు, ఆ పక్క ఇటుకలన్నీ పెచ్చులూడుతున్నాయి, దీనివల్ల వాల్యూ పోతుందా? రిజిస్టర్‌లో ఎక్కినంత మాత్రాన సొంత డబ్బుతో కిటికీలు మార్చుకోడానికి అడ్డు లేదు కానీ సిటీ హిస్టారిక్ డిస్ట్రిక్ట్ (పాత కట్టడాల్ని కాపాడ్డానికి సిటీ గుర్తించిన ఏరియా) రూల్సే తలనొప్పి అంటున్నారు, అలాంటి ఇంట్లో ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్, ఈ వారంలో ఆఫర్ పెట్టాలి.