‘నమ్ముట’, ‘నమ్ముకొనుట’: యెషయా 30:15

ప్రశ్న: ఉదయకాల ధ్యానంలో యెషయా గ్రంథం చదువుతుండగా “మీరు ఊరకుండి నమ్ముకొనుటవలన మీకు బలము కలుగును” అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘నమ్ముటవలన’ అంటే సరిపోయేది కదా, ‘కొను’ ఎందుకు చేరింది? ఊరకుండేవారికి బలం ఎలా కలుగుతుంది? పెద్దలు వివరించగలరు.

సమాధానం: వండుకొను, దాచుకొను వంటి క్రియలలో ‘కొను’ చేరితే ఫలం కర్తకే చెందుతుందని వ్యాకరణం చెబుతుంది. ‘నమ్ముకొను’లో మాత్రం అంతకుమించిన తేడా ఉందమ్మా. ఒక సంగతి నిజమని ఒప్పుకోవడం నమ్మడం. దానిమీద బతుకును నిలుపుకోవడం నమ్ముకోవడం. వానను నమ్ముకొని విత్తిన రైతుకు వాన పడుతుందన్న అభిప్రాయం ఉండటమే కాదు, అతని గింజలు అప్పటికే నేలలో ఉన్నాయి. యాకోబు పత్రిక రెండవ అధ్యాయంలో దయ్యములును నమ్మి వణకుచున్నవని ఉంది. అక్కడ ‘నమ్ముకొని’ అని పడితే అర్థమే తలకిందులయ్యేది.

ఈ వాక్యాన్ని వాగ్దాన క్యాలెండరులో విడిగా చదివితే మెత్తని ఓదార్పులా వినిపిస్తుంది కానీ, ఇది నిజానికి మందలింపు. అష్షూరు సామ్రాజ్య భయంతో యూదా నాయకులు ప్రవక్తను సంప్రదించకుండా సహాయం కోసం ఐగుప్తుకు (ఈజిప్టుకు) రాయబారులను పంపిన రోజులవి. తరువాతి వచనంలోనే వారు ఈ మాటకు సమ్మతించక, గుర్రాలెక్కి పోతామంటారు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తినప్పుడు, అతని అధికారి రబ్షాకే యెరూషలేము గోడ ముందు నిలబడి, నలిగిన రెల్లువంటి ఐగుప్తును నమ్ముకొన్నారా అని ఎగతాళి చేస్తాడు (36:6). హెబ్రీలో ఈ రెండుచోట్లా ఉన్నది ‘బాతఖ్’ అనే ఒకే ధాతువు. కనుక ప్రవక్త అడుగుతున్నది నమ్మకం ఉందా లేదా అని కాదు, దేనిని నమ్ముకొన్నారని. రోజూ ఈ వచనాన్ని ధ్యానించేవారు దీనితోపాటు 36వ అధ్యాయం కూడా చదివితే బాగుంటుందని నా అభిప్రాయం.

‘ఊరకుండు’ విషయంలో మాత్రం నేటి వాడుక మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ‘ఊరికే’ అనగానే పనిలేకుండా అన్న అర్థమే మనకు ముందు తోస్తుంది. ఈ వచనం మొదటి భాగంలో “మీరు మరలివచ్చి ఊరకుండుటవలన రక్షింపబడెదరు” అని కూడా ఉంది. అలా ఆ మాట రెండుసార్లు వచ్చినా మూలంలో ఉన్నవి రెండు వేర్వేరు పదాలు: మొదటిది విశ్రాంతి, రెండవది కలవరం అణగిన నిమ్మళం. 46వ కీర్తనలోని “ఊరకుండుడి” మూడవ పదం. దానికి చేతులు సడలించడమన్న ఛాయ ఉంది. ఈ మూడింటిలో ఏదీ సోమరితనం కాదు.

మరొక సభ్యుని ప్రశ్న: మాస్టారూ, మరి యూదా రాజు హిజ్కియా గీహోను ఊట నీటిని యెరూషలేము నగరంలోకి మళ్లించడానికి కొండను తొలిపించాడు కదా. అర కిలోమీటరుకు పైగా రాతిని తవ్వించడం ఊరకుండటం ఎలా అవుతుంది?

సమాధానం: ఆ ప్రశ్నకు యెషయా గ్రంథం 22వ అధ్యాయమే జవాబు చెబుతుందండీ. ముట్టడి ముంచుకొస్తున్నప్పుడు ప్రాకారం గట్టిచేయడానికి ఇళ్లు పడగొట్టారనీ, రెండు గోడల నడుమ నీళ్లు నిలవచేశారనీ ప్రవక్త వరుసగా చెబుతాడు. అయితే ఆయన ఆక్షేపణ ఆ పనులమీద కాదు. అవన్నీ చేస్తూ, దానిని చేయించినవానివైపు, అంటే దేవునివైపు, ఒక్కసారైనా చూడలేదన్నదే ఆయన అభియోగం.